పద్నాలుగో ప్రశ్న

కంచిలి స్టేషన్ వెనక, ఎరువుల గోడౌన్ మేడ మీద
రాత్రి ఏడున్నరకి నా క్లాసు.
ఇరవై ఆరు మంది, ఒకటే ఫ్యాను.
పలాస వైపు గూడ్సు బండి వచ్చినప్పుడల్లా
వాక్యం మధ్యలో ఆగిపోయి
బండి పోయాక అక్కణ్ణుంచే అందుకోవడం
నాకు అలవాటు.

ఆ వేళ పాఠం, రెండు వాక్యాల మధ్య ఖాళీ.
"ముందు కిందున్న నాలుగు మాటలూ చేత్తో మూసేయండి.
అవి ఆశ పెడతాయి.
మొదటి వాక్యం చదవండి, రెండోది చదవండి.
దీనికి అది ఏమవుతుందో మీరే చెప్పుకోండి:
వెనకే నడుస్తోందా, ఎదురు తిరుగుతోందా,
దీని కడుపునే పుట్టిందా,
పక్కన ఊరికే వచ్చి కూర్చుందా?
చుట్టరికం తేలాకే చెయ్యి తీయండి."

ఓ కిటుకు కూడా చెప్పాను.
"కాబట్టి, అందువల్ల, రెండూ కనిపిస్తే రెండూ తప్పే.
ఒక్క కుర్చీ కోసం కవలలు వస్తే
ఇద్దర్నీ పంపేయడమే."
నవ్వారు. సాడి కూర్మినాయుడు నవ్వకుండా రాసుకున్నాడు.

ప్రశ్నలు నేనే తయారు చేస్తాను.
బజారు పుస్తకాల్లో ఎప్పుడూ ఎవడో
బడికి ఆలస్యంగా వెళ్తుంటాడు,
ఎప్పుడూ వర్షమే కారణం.
నావి ఇక్కడి వాక్యాలు:
తుఫానుకి కొబ్బరి తోట నేలమట్టమైంది. ______ మళ్లీ మొక్కలు నాటారు.
జీడిపప్పు ధర పెరిగింది. ______ పిక్క కొట్టే కూలి పెరగలేదు.
"అయినా!" అని వెనక బెంచీ,
"కానీ!" అని కిటికీ పక్క బెంచీ.
ఆ సంతోషంలో పద్నాలుగుకి వచ్చాం.

ఊళ్లో అందరం బోరు నీళ్లే తాగాం. ______ కిడ్నీలు పాడయ్యాయి.
నేను దిద్దుకున్న జవాబు: అందువల్ల.

నర్తు దమయంతి చెయ్యి తీయలేదు.
నాలుగు మాటల మీదా అరచెయ్యి అలాగే ఉంచింది.
వాళ్ల నాన్న వారానికి రెండుసార్లు
సోంపేట ఆసుపత్రిలో రక్తం కడిగించుకుంటాడు.
నాకు తెలుసు.
తెలిసే, ప్రశ్న రాసేటప్పుడు తెలియలేదు.

"ఇది ఎవులు సెప్పినారు మాస్టారూ?
నీల్లట్టుకెల్లినారు, మట్టట్టుకెల్లినారు,
సీసాల్లో మా రగతం అట్టుకెల్లినారు.
ఫలానా దానివల్ల అని ఒక్కులూ తేల్చినేదు.
పక్కింటోలదీ అదే బోరు. ఆలకేటీ అవనేదు.
మీరు ఒక్క రేతిరిలో తేల్చీసినారు."

అప్పుడొచ్చింది గూడ్సు.
నలభై పెట్టెలో, యాభయ్యో,
ఇంకా ఉంటే బాగుండుననిపించింది.
పోయాక, ఆగినచోటు దొరకలేదు నాకు.

"పోనీ, 'ఆ తర్వాత' అని పెడదామా?"
కాసేపు ఆలోచించింది.
"తరవాతంటే ఒప్పుకుంటాను.
తరవాత శానా అయినాయి.
మా అక్క సదువు మానీసింది తరవాతే,
తోట అమ్మీసింది తరవాతే."
ఇంకా ఏదో ఉన్నట్టు ఆగి,
"అలగని నీల్లు తాగడం మానీగలమేటి?"

అలగని.
నేనిచ్చిన నాలుగింట్లో లేని మాట.
మా అమ్మ రోజుకి పదిసార్లు అనేది.
రెండు వాక్యాల్ని కలపదు, విడదీయదు,
మధ్యలో గట్టు మీద నిలబడి
అటూ ఇటూ చూస్తుంది.
సుద్దముక్కతో బోర్డు మీద రాశాను, పెద్దగా,
ఆ యాసలోనే.
కూర్మినాయుడు అడిగాడు, "పరీక్షకి వస్తాదా మాస్టారూ?"

రాదని చెప్పాను.
పరీక్షలో నాలుగింట్లో ఒకటి దిద్దాల్సిందే,
ఖాళీ వదిలితే మార్కు పోతుందనీ చెప్పాను.
ఫీజు తీసుకుంటున్నవాణ్ణి.
ఆ కాగితంలో పద్నాలుగుకి మాత్రం అందరికీ మార్కు వేశాను,
అది న్యాయమో, తప్పించుకోవడమో.

క్లాసు అయ్యాక మెట్ల కింద
క్యాన్‌లోంచి గ్లాసుతో నీళ్లు పట్టుకుంది దమయంతి.
ట్యూబులైటు వెలుతురుకి ఎత్తి
ఒక క్షణం చూసింది.
తాగింది.
చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.