పోలే

మా స్త్రీల సమాజం లెక్కల పుస్తకంలో
ఎడమ పేజీ బియ్యం, కుడి పేజీ డబ్బు.
ఎసరు పెట్టిన ప్రతిసారీ
ఒక పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం
మా అమ్మమ్మ నాటి అలవాటు.
అప్పట్లో అది బైబిలు స్త్రీ జీతానికి వెళ్ళేది.
మూడేళ్ళుగా మాత్రం
సముద్రం అవతల, ఒక కొండ కింద,
పురుడు పోసే గదికి రేకులు వెయ్యడానికి పోతోంది.

నవ్వకండి.
దొరలు ఓడలెక్కి వచ్చి
పలకా బలపం, క్వినైను మాత్రలు,
నోరు తిరగని రాగాలు ఇచ్చి వెళ్ళారు.
బాకీ అంటే
ఇచ్చినవాళ్ళకే తీర్చాలని
ఏ పత్రంలో రాసుంది?

టాంజానియా నుంచి ఆమె వచ్చిన రోజు
గుంటూరులో నలభై నాలుగు డిగ్రీలు.
ఆడ పాస్టరు కదా,
అయ్యగారనాలా, అమ్మగారనాలా అని
సంఘపెద్దలు స్టేషన్ మెట్ల మీదే తగువు పడ్డారు.
పేరు ఐకాండే మాసావే.
"ఏమని పిలిచినా పలుకుతాను, ముందు మంచినీళ్ళివ్వండి" అందట,
కృపాదానం తర్జుమాలో.

మిర్చి యార్డు పక్కగా ఆటో పోతుంటే
తుమ్మింది, మళ్ళీ తుమ్మింది,
కళ్ళనీళ్ళు కారుతూనే నవ్వింది.
"మీ ఊళ్ళో గాలికి కూడా కారం వేస్తారా?"

ఆదివారం మేం తెలుగులో ఎత్తుకున్న రాగాన్ని
ఆమె స్వాహిలిలో అందుకుంది.
మూడో చరణం దగ్గర రెండు భాషలూ
గుద్దుకుని, విసుక్కుని, సర్దుకుని కూర్చున్నాయి,
జనరల్ బోగీలో మనుషుల్లా.

సాయంత్రం సంగడిగుంటలో ఇళ్ళ ప్రార్థనలు.
శాంతవేదమ్మ గుమ్మం ముందు నా అడుగు ఆగింది.
మార్చిలో ఆమె కొడుకు ఎలీషా
మిరప బస్తాల లారీ కింద.
ఆనాటి నుంచీ ఆమెకి మాట లేదు.
బియ్యం డబ్బా మాత్రం శనివారం శనివారం
నా గడప మీద పెట్టి వెళ్ళిపోయేది.
మేమంతా వాక్యాలు చెప్పాం,
అధ్యాయాల అంకెలతో సహా.
గోడ విన్నట్టు విన్నది.

ఐకాండే ఏ వాక్యమూ తియ్యలేదు.
చాప లేని నేల మీద కూర్చుని
ఆమె చెయ్యి ఒళ్ళోకి తీసుకుని
ఒక్క మాట అంది:
"పోలే."
కాసేపాగి, ఇంకా మెల్లగా,
"పోలే సానా."

శాంతవేదమ్మ తలెత్తింది.
"పోలేదా?
పోలేదంటోందా నా బిడ్డ?"

కృపాదానం గొంతు సవరించుకున్నాడు.
"కాదమ్మా, వాళ్ళ భాషలో ఆ మాటకి..."
అతని కాలు తొక్కాను,
చెప్పు అంచు దిగేలా.

రెండు నెలల ఏడుపు ఆ చేతుల్లో పడింది.
పక్కింటి పొయ్యి మీద ఏదో మాడుతున్నా
ఎవరూ లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు కృపాదానం కుంటుతూ చెప్పాడు:
పోలే అంటే, నీ కష్టానికి నాకూ నొప్పి అని.
సానా అంటే చాలా అని.
"సానా అంటే మాకూ చాలానే" అన్నాను.

అబద్ధమాడానా?
ఆ రాత్రి మేడ మీద, దోమల మధ్య,
శాంతవేదమ్మ ఏం విన్నదో ఐకాండేకి చెప్పించాను.
ఆమె చాలాసేపు
పట్టణం దీపాల వైపు చూసింది.
"నేను అదే అన్నాననుకోండి" అంది.
"ఈస్టరు రోజు అదేగా అంటాం."

ఆ శనివారం నా గడప మీదికి డబ్బా రాలేదు.
ఆదివారం తనే తెచ్చి చేతికిచ్చింది.
"కొండ కింద ఆ గదికి
తలుపు పెట్టారా?"
రేకులు పడ్డాయి, తలుపింకా లేదన్నాను.
వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది,
గుప్పిట మూసుకుని.

ఎడమ పేజీలో రాశాను:
శాంతవేదమ్మ, సోలెడు,
పైన ఇంకో పిడికెడు.