సీజన్ ముందటి పద్దు

శివరాత్రి తెల్లారి మొదటి మ్యాచ్.
చలి ఇంకా శివశివా అనలేదు,
నేనే అంటున్న.

బేరింగుల దుకాణం షట్టర్ సగం దించి
సేటు పాత లెడ్జర్ల మిగిలిన పేజీ మీద
తొమ్మిది గీతలు గీసిన.
ఎడమ దిక్కు జమ, కుడి దిక్కు ఖర్చు.
రాణీగంజ్‌ల ఇరవై రెండేండ్ల అలవాటు,
చెయ్యి ఊకోదు.

ముందుగాల ఓదెలు.
బంతి విసిరెటోడు వాడే గదా.
పోయినేడు వాని ముందర
లాలాగూడ జట్టు బ్యాట్లన్నీ గాలిని ఉతికి ఆరేసినయి.
జమ: కుడి చెయ్యి.
ఖర్చు: అదే కుడి చెయ్యి.
కార్తీకంల భుజం పట్టేసింది.
"ఎట్లుందిరా" అంటే "మంచిగనే ఉందన్నా" అంటడు,
చాయ్ గ్లాసు మాత్రం ఎడమ చేత్తో అందుకుంటడు.
నేను చూసిన.
చూసినట్టు వానికి తెల్వదు.

వాడు విసిరింది పట్టెటోడు ముజ్తబా,
మెట్టుగూడల పంచర్ దుకాణం.
పొద్దంతా గొంతుక్కూసునుడే పని,
మూడు గంటల ఆట వానికి ఓ లెక్కనా!
వేళ్లు గ్రీజుతోని నల్లగుంటయి,
గోర్లకు సుద్దముక్క రాసుకుంటే గాని
వాని సైగ ఓదెలుకు కనబడదు.
ఈసారి రోజాలు కూడా ఈ నెలల్నే.
"ఇఫ్తార్ లోపల ఆట ఒడవాలె, అదొక్కటే షరతు" అన్నడు.
ఈ ఆటకు గడియారం లేదు బేటా అని
నేనన్లేదు.

గుర్‌ప్రీత్, సిక్‌విలేజ్. మొదటి బేస్. ఖర్చు నిల్లు.

రెండో బేస్ అయిలేశ్‌కు ఇంటర్ పరీక్షలు,
వాళ్లమ్మ నా ఫోన్ ఎత్తుతలేదు.

లింబాద్రి మేస్త్రీ పనికి పోతడు.
రెండో అంతస్తు మీద నిలబడి
కింది నుంచి ఎగిరొచ్చే ఇటుకను
మాట్లాడుకుంటనే పట్టి పక్కోనికిస్తడు.
అసుంటోనికి నేలమీద దొర్లే బంతి ఎంత?
కాని చేతికి బ్యాట్ ఇచ్చినమా,
వానికీ బంతికీ ఏదో భూమి తగాదా ఉన్నట్టే.
మూడేండ్లల నాలుగు హిట్లు.
అందుల ఒకటి నేనే దయతల్చి రాసిన.

ఎనక మైదానంల ముగ్గురు:
కిరీటి, నోయెల్, కిరీటి బామ్మర్ది.
బామ్మర్ది పేరు అడుగుడు మర్చిపోయిన.
క్రికెట్ల నుంచి వచ్చిండు,
బంతి కొట్టినంక బ్యాట్ పట్టుకునే ఉరుకుతడు.
పారెయ్‌రా, పారెయ్‌రా అని
నా గొంతు బొంగురుపోయింది.
పారేసుడు నేర్చుకునుడే కష్టం
అందరికీ.

ఇగ మూడో బేస్.
ఈ గీత మీద ఐదేండ్లు ఒక్కటే పేరు, మొగిలి.
కానిస్టేబుల్‌కు సెలక్షనైండు.
బాలూషా డబ్బ పట్టుకొచ్చి
గీ కౌంటర్ కాడనే నా నోట్లె పెట్టిండు.
నేను మెచ్చుకున్న, భుజం తట్టిన.
ఆ భుజం నుంచి మొదటి బేస్ దాక
దారం గుంజినట్టు పొయ్యే బంతి యాదికొచ్చి
నా చెయ్యి
జర్ర సేపు ఆడనే ఆగింది.

గీత ఖాళీగుంటే సేటు తిడుతడు,
ఏదో ఒకటి రాయాలె.
పెన్సిల్‌తోని ఒక పేరు రాసిన.
జమ: మైదానం పక్కన పదకొండేండ్లు నిలబడ్డ కాళ్లు.
ఖర్చు: నలభై ఎనిమిదేండ్లు, బీపీ గోలీ, కుడి మోకాలు.
నవ్వొచ్చింది.
రబ్బర్ పెట్టి చెరిపేసిన.

షట్టర్ కింద నుంచి వంగి వచ్చిండు ఓదెలు.
లెడ్జర్ తన దిక్కు తిప్పుకున్నడు.
తన గీత చదివిండు,
కుడి దిక్కు రాసింది రెండుసార్లు చదివిండు.
భుజం మీద చెయ్యి పెట్టుకొని
"టోటల్ వెయ్యలేదేందన్నా" అన్నడు.
"సీజన్ మొదలే కాలేదు,
ఇప్పుడే టోటలా?"

వాడు పేజీ లేపి
ట్యూబ్‌లైట్‌కు అడ్డం పట్టిండు, ఎడమ చేత్తోనే.
"మూడో బేస్ కాడ
చెరిపింది ఎవరి పేరన్నా?"

తాళంచెవి కోసం
ఉన్న జేబులన్నీ వెతికిన.