వదిలెయ్యనా?

ద్వారపూడి దాటాక, కాలవ గట్టునే పెంకుల మిల్లు.
ప్రెస్సు ఆరు సెకన్లకో పచ్చి పెంకుని కంటుంది.
దాన్ని అందుకుని బల్ల మీద పెట్టడానికి
కోయంబత్తూరు నుంచి ఓ చెయ్యి వచ్చింది,
చెక్కపెట్టెలో, రెండే రెండు వేళ్లతో.

బిగించింది నేనే. ఫిట్టర్ని.
గాలి గొట్టాలు తగిలించాను,
పట్టాల మీద అటూ ఇటూ నడిపించాను,
ఆరు బార్ల ఒత్తిడి పెట్టి, కానీ అన్నాను.
మొదటి పెంకుకి రెండు పక్కలా సొట్టలు.
నాలుగు బార్లకి నడుం వంగింది.
రెండుకి జారి, నా బూటు మీద పడి
మళ్లీ మట్టయి కూర్చుంది.
ఒండ్రు కదా. గోదారి మాటే సగం వింటుంది,
నా మాటేం వింటుంది?

నూకరత్నం పద్దెనిమిదేళ్లు నిలబడ్డ చోటది.
ఇప్పుడు దాని చుట్టూ పసుప్పచ్చ గీత గీశారు.
గీత అవతల, విరిగిన పెంకులు ఏరుతూ
మూడు రోజులు చూసింది.
నాలుగో రోజు అంది:
"అది పట్టుకుంటందండి. పట్టుకోకూడదు.
కింద చెయ్యెట్టాలి.
పురిటి బిడ్డకి నీళ్లోసేటప్పుడు
మెడకింద ఎట్టమా? అలాగ."

వేళ్లు ఊడదీశాను. రేకు కోసి
రెండు అరిచేతులు చేశాను,
పైన సైకిలు ట్యూబు అతికించాను.
పెంకు లేచింది. పెళ్లికూతురిలా కదలకుండా వెళ్లింది.
బల్ల దగ్గర మాత్రం
చెయ్యి విప్పుకున్నా పెంకు దిగలేదు.
అంటుకుపోయింది.

"చెయ్యి తడుపుకోలేదు కదండీ మరి.
పొడి చేతిని మట్టి పట్టేసుకుంటది.
పట్టుకోడం మనకొక్కళ్లకే వచ్చేటండీ?"

నలభై రూపాయల స్పాంజి, పళ్లెంలో నీళ్లు.
ఇప్పుడు విడత విడతకీ వంగి
అన్నానికి కూర్చోబోయేవాడిలా
చేతులు తడుపుకుని వస్తుంది మరచెయ్యి.
కంపెనీ ఇంజనీరొచ్చి ఫొటో తీసుకున్నాడు.
ఎవరి ఆలోచనండీ, అన్నాడు.
మాదే, అన్నాను.
ఆ 'మా'లో ఎవరెవరున్నారో
అతను అడగలేదు. నేను చెప్పలేదు.
గీత అవతల పెంకులు ఏరుతున్న చప్పుడు
కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

ప్రోగ్రాములో ఒక వరస ఉంటుంది.
ఇచ్చే చెయ్యి, అందిందా? అంటుంది.
తీసుకునే బల్ల, అందింది, అంటుంది.
వదిలెయ్యనా?
వదిలెయ్.
ఇరవై నాలుగు వోల్టుల్లో నాలుగు మాటలు.
పుస్తకం తిరగేసి నేర్చుకున్నాను, గొప్ప సంగతనుకుని.
ఆదివారం కోటిపల్లి రేవులో చూశాను:
లంకలోంచి వచ్చిన పడవ మీద ఒకడు,
మోకాలిలోతు నీళ్లలో ఒకడు,
మధ్యలో అరటిగెల.
అందిందేంట్రా? అందింది. వదిలెయ్యనా? ఎయ్.
పుస్తకం చదివిన మొహాలు కావు రెండూ.

మొన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది.
కంప్రెసరు ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.
దారి మధ్యలో, పెంకుతో సహా,
చెయ్యి ఆగిపోయింది.
గాలి పోయినా వదలకుండా లోపల స్ప్రింగుంది.
భయం వేస్తే మనం ఏదైనా గట్టిగా పట్టుకుంటామే,
అలా చేశారు దాన్ని.

టార్చి వేశాను. పెంకు అంచు ఆరుతోంది.
"ఇంకాసేపుంటే బీటలిచ్చుద్దండి" అంటూ
నూకరత్నం గీత దాటింది.
పళ్లెంలో చేతులు ముంచుకుంది.
మరచేతి కింద తన చేతులు పెట్టింది.
నాలుగు అరిచేతుల్లో ఒక పెంకు.
కప్పు మీద వాన.

వాల్వు మీద వేలు పెట్టి
"వదిలెయ్యనా?" అన్నాను.
ఎవరి తరపున అడిగానో నాకే తెలీలేదు.

ఆవిడ నా వైపు చూళ్లేదు.
"ఉండండి," అంది,
"బరువింకా నా మీదకి రాలేదు."