గోటితో

నాజిబ్రోలా ఆసుపత్రికి వెళ్తూ
తాళంచెవితో పాటు నిమ్మచెట్టునీ నాకు అప్పజెప్పింది.
బతూమిలో నాలుగో అంతస్తు.
వాన అద్దెకు దిగి ఖాళీ చెయ్యని ఊరు.
పీపాలో చెట్టు. దాని కింద గచ్చు బంకబంకగా,
చెప్పు ఎత్తితే చప్పుడు.

ఆకుల మీద మసి.
పొయ్యి లేదు, పొగ లేదు, మసి ఎక్కడిది?
తడిబట్టతో తుడిస్తే పోయింది,
మర్నాటికి బంక మళ్ళీ మెరిసింది.
చీమలు మాత్రం పాలకేంద్రానికి పోయేవాళ్ళలా
ఖాళీగా ఎక్కి నిండుగా దిగుతున్నాయి.

వాటి వెంట చూపు పోనిచ్చాను.
కొమ్మ మీద గోధుమరంగు బుడిపెలు.
చెట్టు వయసు అనుకున్నాను.
ఆకు తిప్పితే నడిమి ఈనె పొడుగునా అవే,
కందిబద్దలో సగం, ఉలుకూ పలుకూ లేదు.
కాలు కనబడని ఆ గుండీ పురుగని
ఎవరు మాత్రం అనుకుంటారు?

"గోటితో గీకు," అంది ఫోనులో,
నారింజ తోటల్లో ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు
ఇప్పుడు ఆక్సిజన్ గొట్టం పక్కనుంచి.
"ఊడొస్తే పొలుసు పురుగు. రాకపోతే చెట్టు."

ఊడొచ్చింది.
గోరు తడిసింది.

కింది అంతస్తు ముర్మాన్ వచ్చి చూశాడు.
"నరికెయ్. ఆవిడకు చెప్పకు. కొత్తది కొందాం."
గోటితో పోయేదానికి గొడ్డలెందుకని
అతని దగ్గర సారా అడిగాను,
వాళ్ళ నాన్న ద్రాక్షపిప్పితో కాచినది.
"పురుగులకా!" అని గుండె పట్టుకున్నాడు,
అయినా అరసీసా ఇచ్చాడు.

దూదిపుల్ల ముంచి ఒక్కోదాన్నీ అద్దడం,
పాత పళ్ళబ్రష్షుతో రుద్దడం.
ఒక పెంకు కింద పసుపు నలుసులు కదిలాయి.
పిల్లలు. వీటికి బతుకంతా నడక ఆ ఒకటి రెండు రోజులే.
మూతి గుచ్చి కూర్చున్నాక
ఇక లేవడం ఉండదు.
ఆ కాస్త నడకకీ అడ్డంగా
కొమ్మకి టేపు తిరగేసి చుట్టాను.
కొంచెం జాలేసింది. చుట్టాను.
పీపా అంచుకి చీమల కోసం గ్రీజు.
ఆదివారం సాయంత్రం, ఎండ దిగాక,
సబ్బునీళ్ళలో చెంచాడు నూనె,
ఆకుల వీపులు తడిసేదాకా.

నెల దాటింది.
బుడిపెలు ఉన్నచోటే ఉన్నాయి.
చచ్చినా పెంకు వదలని జాతి ఇది,
గెలిచానో లేదో చెట్టుని చూస్తే తెలీదు.
గీకితే ఒకటి పొడిగా రాలుతుంది,
పక్కది ఇంకా తడి.

రాత్రి ఆమె ఫోను.
"గచ్చు అంటుకుంటోందా?"
చెప్పు విడిచి నిలబడ్డాను. మడమ ఎత్తాను.
"కొంచెం."
"అయితే ఆదివారం మళ్ళీ కొట్టు," అంది,
తన పరీక్షల సంగతి ఎత్తకుండా.