తొంభై ఆరో గంట

అనంతపురంలో సముద్రం ఉంది.
బెంగుళూరు రోడ్డు దిగి, గ్రానైటు షెడ్ల తెల్లదుమ్ము దాటి
ఎడమకి తిరిగితే, రేకుల కప్పు కింద,
నా టేబుల్ పక్కన
మంచమంత పెట్టెలో.

తొంభై ఐదు పాళ్ల నీళ్లకి ఐదు పాళ్ల ఉప్పు.
ముప్పై ఐదు డిగ్రీల వెచ్చదనం.
సన్నని ముక్కు ఒకటి రాత్రీ పగలూ పొగమంచు ఊదుతుంటుంది.
బోరు నీళ్లు ఇందులో పొయ్యకూడదు.
మా బోరులో ఫ్లోరైడు, సున్నం, ఇంకా ఏమేమో.
డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు హిందూపురం ఆటోలో వస్తాయి.
ఈ జిల్లాలో
తుప్పు పట్టడానికైనా
నీళ్లు బయటినుంచే తెచ్చుకోవాలి.

లోపల ప్లేట్లు
అడ్డా మీద కూలీల్లా కొంచెం వెనక్కి వాలి ఎదురుచూస్తుంటాయి.
ఎనిమిది వందల అడుగుల లోతుకి దిగే మోటార్ల ఒంటిరేకు అది.
మేమే తుడిచి, మేమే పెయింటు కొట్టి, ఆరబెట్టి
నడిమధ్య కత్తితో ఒక గాటు పెట్టి పంపుతాం.
గాటెందుకని చేరిన కొత్తలో అడిగాను.
"దెబ్బ పడనంత వరకు అందరూ గట్టోళ్లేమ్మా"
అన్నాడు కుళ్లాయప్ప సార్, కత్తి తుడుచుకుంటూ.

ఇరవై నాలుగు: ఏమీ లేదు.
నలభై ఎనిమిది: గాటు వెంట వెంట్రుకంత ఎరుపు.
డెబ్బై రెండు: అంతే.
తొంభై ఆరో గంటకి మూత ఎత్తితే
ఏడో ప్లేటు కింది మూలన, గాటుకి చాలా దూరంగా,
పెయింటు పొంగి
ఒక బొటనవేలు.

మధ్యలో గీతలు లేవు.
అంచున మాత్రం మూడో నాలుగో,
ఎండే కుంటలో నీళ్లు వెనక్కి తగ్గుతూ విడిచిన వరసల్లా.

పెట్టెలో ఉప్పు నేను తూచి వేసింది,
నాలుగు దశాంశాల దాకా.
ఈ ఉప్పు నేను తూచలేదు.

ఎవరిదో నాకు తెలుసు.
పొద్దున ఆరుకి చీపురు పట్టే సుంకులమ్మ
రాత్రిళ్లు ఇత్తనాలకి బుడ్డలు వలుస్తుంది, మూటకింతని.
రేషన్ డీలరు మిషన్ రెండు నెలలుగా
ఆమెను సుంకులమ్మ అని ఒప్పుకోవడం లేదు.
ఈ వేలు కాదు, ఆ వేలు. తుడుచుకొని పెట్టు.
గట్టిగ ఒత్తు. రేపు రా.

పిలిచి చూపించాను.
"కింద పడింటే ఎత్తి పెట్టినా పాపా, పెయింటు కొట్టకముందు.
పైటతో తుడిచినా గూడా. తప్పా?"
తప్పే అన్నాను.
ఆమె వినలేదు.
తన వేలు పక్కన పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.
"నాదే!
యాడా ఇంత బాగా పడలే.
ఈ రేకు తీస్కపోతే బియ్యమిస్తాడేమో కనుక్కో పాపా."
నవ్వితే దగ్గొచ్చింది.

మధ్యాహ్నం సార్ అద్దాలు నుదుటి మీదికి తోసుకుని
"ఎవరు ముట్టిరి? పేరు రాయాల గదా" అన్నాడు.
ఫ్యాను తిరుగుతోంది. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది.
రాశాను:
ఏడో నంబరు, పూతకి ముందు చేతి తాకిడి, లెక్కలోంచి తీసివేత.
పరీక్షించినవారు: ఎస్. దిల్షాద్.
పేరంటే నా పేరూ పేరే.
సార్ చదివి, కాసేపాగి
స్టాంపు వేశాడు.

చెత్తలో వేయాల్సిన రేకుని
కడిగి, ఆరబెట్టి, డెసికేటర్ అడుగు అరలో పెట్టాను,
నీలం గుళికల మీద.
తుప్పుకి ఇక తుప్పు పట్టదు.
దాన్నేం చేసుకుంటానో నాకు తెలీదు.

సుంకులమ్మకి గ్లౌజుల పెట్టె ఇస్తే
రెండు జతలు తీసుకుంది.
మర్నాడు చెప్పింది,
"అవి ఏసుకుంటే బుడ్డ పలగదు పాపా.
మనవడు ఊది బుగ్గలు జేసినాడు."

నూట ఇరవయ్యో గంట.
మూత ఎత్తాను.
కళ్లద్దాల మీద ఉప్పు.