పదిహేడో సీసా

గుంటూరులో కళ్ళు మండితే
అందరూ మిర్చి యార్డు వైపే చూస్తారు.
మా జువాలజీ గదిలో ఆ నేరం ఫార్మలిన్‌ది.

పదిహేడో సీసాలో ఉన్నది
పేరుకి వానపాము, చూపుకి పాము,
మొప్పలు విప్పితేనే చేప.
నిజాంపట్నం వలలో
రొయ్యలు ఏరాక పారబోసే చెత్తలో దొరికిందట.
కళ్ళు ఆవగింజలంత.
బురదలో బతుక్కి అంతకంటే ఎందుకు?

దీని తోబుట్టువులు బోలెడు.
ఒకదానికి వాజం లేదు,
ఇంకోదానికి ఉందో లేదో లెన్సు కింద తగువు.
వెన్నుపూసలు లెక్కపెడితే గానీ
ఎవరు ఎవరో తేలదు.

చీటీ మీద, మనలాగే,
ఇంటిపేరు ముందు రాశారు.
తర్వాత ఒక గీత.
గీత మీద ఏమీ లేదు.
రాయాల్సిన అనసూయాదేవి మేడమ్
పోయినేడు రిటైరయ్యారు.

సీసాలు తుడిచే యోబుది తిరగేసిన చీటీ:
పేరు కాలేజీ అంతా పిలుస్తుంది.
ఇంటిపేరు అడిగిన ఒకరిద్దరూ
మళ్ళీ అతన్ని మంచినీళ్ళు అడగలేదు.

ఇవాళ మందు మారుస్తూ
దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.
మెలిక సరిచేశాడు,
తల చీటీ వైపు తిప్పి
మూత బిగించాడు.
దుమ్ము తుడిచాడు,
గీత చెరక్కుండా.