పధ్నాలుగు సెకన్లు

ఆదివారం నాలుగూ ముప్పావుకి
బెసంట్ నగర్ బీచి పక్క దీపస్తంభం కింద
ఆరుగురం. పన్నెండు మోకాళ్ళు.
పనిచేసేవి తొమ్మిది.

ధనకోటి కొత్త బూట్లేసుకొచ్చాడు.
"ఎంతరా?" అంటే అటూ ఇటూ చూశాడు,
సముద్రం తప్ప ఎవరూ వినడం లేదని తేలాక
పన్నెండు వేలన్నాడు.
ఇంట్లో చెప్పింది పన్నెండొందలు.
"ఒక్క సున్నాయేగా!
సున్నాకి విలువ లేదని బళ్ళో చెప్పలేదూ?"
రెజీనా నవ్వి నవ్వి లేసు కట్టుకోవడం మరిచిపోయింది.
ఆమెకి కవలలు, పదినెలల వాళ్ళు,
రాత్రి వంతులేసుకుని లేచారట.
"పరుగుకెవరొచ్చారు, నేను విశ్రాంతికొచ్చాను
ఇక్కడైతే నన్నెవరూ అమ్మా అనరు" అంటూండగానే
టీ కొట్టు కుర్రాడు "అమ్మా, సుక్కు కాపీ?" అన్నాడు.

కాలికి బుద్ధి చెప్పడమంటే
పారిపోవడమని కదా మనవాళ్ళ మాట.
అడయారు వంతెన ఎక్కేసరికి
మా కాళ్ళే మాకు బుద్ధి చెప్పడం మొదలెడతాయి.
"పొట్టతో ఊపిరి తీయాలి, పొట్టతో!"
అరుస్తాడు డాక్టర్ జగదీశన్.
ఆయన వైద్యం పళ్ళకి.

మునిరత్నం మాత్రం మాటాడడు.
గిండీలో లేత్ మిషను ముందు నిలబడే మనిషి,
వెంట్రుకవాసి తేడా వేలితో పట్టేస్తాడు.
హాఫ్ మారథాన్ రెండు గంటల్లోపు ముగించాలని
నాలుగేళ్ళుగా ఒకటే పోరు.
గుమ్మం దాటుతుంటే ప్రతి వారం
హేమకళ అదే సామెత విసురుతుంది:
"పరుగెత్తి పాలు తాగడం కంటే
నిలబడి నీళ్ళు తాగడం మేలని
ఊరికే అన్నారా పెద్దలు?"
వెంటనే,
"వచ్చేటప్పుడు పాలు మరిచిపోకు. నీలం పాకెట్లు, రెండు."

జనవరి పందెం.
లైట్ హౌస్ దాటాక నేనింకా వెళ్ళే దారిలో ఉన్నాను,
అతను అప్పుడే తిరుగుదారిలో,
పద్దెనిమిదో కిలోమీటరు రాయి దగ్గర.
మనిషి ఎగురుతున్నాడు.
వాచీ చూడడం కూడా మానేశాడు, అంటే
అంతా అనుకున్నట్టే సాగుతోందన్నమాట.

రోడ్డు వార, అతని పాత స్వెట్టరు తొడుక్కుని
హేమకళ.
చప్పట్లు లేవు, కేకలు లేవు.
చేతిలో స్టీలు చెంబు. చాపింది.

ఆగాడు.
నిలబడ్డాడు.
నీళ్ళు తాగాడు.

గుటకలు వినపడేంత దగ్గర లేను గానీ
గొంతు కదలడం చూశాను.
చెంబు ఇచ్చేస్తూ ఏదో అన్నాడు,
ఆమె వీపు మీద ఒక్కటేసి ముందుకి తోసింది.

రెండు గంటలా పధ్నాలుగు సెకన్లు.

మాకు ఏడాదికి సరిపడా సరుకు దొరికింది.
"ఏడు గుటకలు, గుటకకి రెండు సెకన్లు"
అని తేల్చాడు ధనకోటి, బూట్ల లెక్క దాచినవాడు.
"పరుగెడుతూ తాగచ్చుగా?"
"చెంబుతోనా? పళ్ళు రాలతాయి" డాక్టరు గారు,
మొదటిసారి తన శాస్త్రంలోంచి.
"పాల పాకెట్టు చాపుంటే ఆగేవాడు కాదేమో!"
ఎంత కెలికినా మునిరత్నం ఒక్కటే మాట:
"చల్లగా ఉన్నాయి."

నేను ఇల్లు చేరేసరికి తొమ్మిదయింది.
దుప్పట్లోంచి మా ఆయన,
"ఎన్నోదానివి?"
"మూడు వేల నాలుగొందల పన్నెండు."
"మొత్తం?"
"నాలుగు వేలు."
ఆడిటరు బుర్ర, నిద్రలోనూ ఊరుకోదు.
"అయితే ఐదొందల ఎనభై ఎనిమిది మంది
నీ వెనకే వచ్చారన్నమాట."

నాలుగేళ్ళలో నేనెప్పుడూ
ఆ వైపు నించి కూడలేదు.

బూట్లు విప్పుతుంటే ఇసుక జలజలా రాలింది.
"చీపురు తలుపు వెనకుంది"
అన్నాడు, కళ్ళు తెరవకుండానే.